‘ఈఫస్’ సినిమాలో ఏమీ జరగదు కదా, దాన్ని స్నేహం సినిమా అని ఎందుకంటారు?

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, ఎగతాళిగా కాదు లెండి. "నలుగురం రూమ్మేట్స్ కలిసి చూశాం. గంటన్నర సేపు పొట్టలున్న అంకుల్స్ బంతి విసురుకున్నారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, చీకటి పడింది, అయిపోయింది. మాలో ఒక్కడికీ బేస్‌బాల్ రాదు. మగవాళ్ల స్నేహం మీద ఇంత మంచి సినిమా లేదంటున్నారు. ఆ స్నేహం ఎక్కడుందో ఎవరైనా చెప్పండి" అని రాశారు.

చెప్తాను. నేను సినిమా విమర్శకుణ్ణి కాను. బోస్టన్‌కి పడమటి వైపు ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను. మా అబ్బాయి లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో, ఆడిన ఏడేళ్లూ వాళ్ల జట్టు స్కోర్‌బుక్ రాసింది నేనే. తర్వాత ఆదివారాలు పెద్దవాళ్ల సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్‌కి తమ్ముడి లాంటి ఆట) లీగ్‌లో ఆడాను. ఆడానంటే రైట్ ఫీల్డ్ మూల నిలబడ్డాను. బంతి అటు తక్కువ వస్తుంది కాబట్టి నాలాంటివాళ్లని అక్కడ పెడతారు. అలా ఈ సినిమాలోని మనుషులు నాకు బాగా తెలిసినవాళ్లే.

ముందు చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. దర్శకుడు కార్సన్ లండ్. పూర్తి నిడివి సినిమాల్లో ఇది అతనికి మొదటిది. 2024లో కాన్స్ చిత్రోత్సవంలో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో వేశారు, 2025 మార్చిలో అమెరికాలో థియేటర్లకొచ్చింది. కథ జరిగేది 1990లలో, మసాచుసెట్స్‌లోని ఒక చిన్న ఊళ్లో, అక్టోబర్ ఆదివారం నాడు. ఊరి మైదానం పేరు సోల్జర్స్ ఫీల్డ్. ఆడ్లర్స్ పెయింట్, రివర్‌డాగ్స్ అనే రెండు జట్లకి ఆ మైదానంలో అదే ఆఖరి ఆట. తర్వాత అక్కడ బడి కడతారు. కథ మొత్తం అంతే, మీరన్నది నిజమే.

ఆడ్లర్స్ పెయింట్ అన్న పేరు వింతగా అనిపించిందేమో. మన ఊళ్లలో టోర్నమెంట్ జెర్సీల వీపు మీద ఎరువుల దుకాణం పేరు వేయించుకుంటారు చూడండి, అదే పద్ధతి. ఇక్కడి చిన్న ఊళ్లలో ఒకప్పుడు మిల్లులు జట్లని పోషించేవి. మిల్లులు మూతపడ్డాక పెయింట్ షాపులు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, బార్లు ఆ పని చేస్తున్నాయి. షాపు వాళ్లు టీషర్టులిస్తారు, బీరు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

ఇక అసలు విషయం. మైదానం పోయేది బడి కోసం అన్న దగ్గర కాస్త ఆగండి. ఏ షాపింగ్ మాల్ కోసమో అయితే వీళ్లు ఊళ్లో గొడవ చేసేవాళ్లు. బడి కడతామంటే ఎవరు కాదంటారు? అందులో చదివేది వాళ్ల పిల్లలే, మనవలే. పైగా ఆ కట్టుబడి పనితో సంబంధమున్నవాడు ఈ ఆటగాళ్లలోనే ఒకడు. వాణ్ణి కాస్త దెప్పుతారు, అంతకుమించి ఏమీ అనలేరు. మన దగ్గర 2011లో ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన ‘గోల్కొండ హైస్కూల్’ గుర్తు తెచ్చుకోండి. అక్కడా బడి మైదానమే పోబోతుంది, ఐఐటీ కోచింగ్ కోసం. కానీ పిల్లలు క్రికెట్ గెలిస్తే మైదానం మిగులుతుందన్న పందెం ఉంది. అందుకే ఆఖరి ఓవర్లో మనం కుర్చీ అంచుకి జరుగుతాం. ‘ఈఫస్’లో ఎవరు గెలిచినా మైదానం పోవడం ఖాయం. ఏమీ జరగలేదని మీకు అనిపించడానికి సగం కారణం ఇదే. గెలుపుకి అక్కడ విలువ లేదు, విలన్ లేడు.

మిగతా సగం కారణం సినిమాలో ఒక చిన్న మాట, మీరు దాన్ని దాటేసి ఉంటారు. ఆడుకోవడానికి ఇంకో మైదానం ఉంది కదా అన్న ప్రస్తావన వస్తుంది. అది దూరం అంటారు, బాగోదు అంటారు, మాట అక్కడితో తెగిపోతుంది. కిరాణా కొట్టుకి కూడా కారెక్కి వెళ్లే దేశంలో పక్క ఊరి మైదానం దూరమేమిటండీ! నా ఉద్దేశంలో సినిమా అంతా ఆ వంకలోనే ఉంది.

ఇన్నేళ్లుగా వీళ్లు ఆదివారం ఇక్కడికి వస్తున్నారు. ఎందుకు వస్తున్నావని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆట ఉంది, వచ్చాడు. ఇంట్లో చెప్పడానికీ అదే సమాధానం, తనకి తాను చెప్పుకోవడానికీ అదే. ఇప్పుడు పక్క ఊరికి వెళ్లి ఆడదామంటే మొదట ఎవడో ఒకడు నోరు తెరిచి అనాలి: "నాకు మీతో ఉండటం ఇష్టం, అక్కడైనా కలుద్దాం." ఆ ఒక్క వాక్యం వీళ్ల నోట రాదు. ఏళ్ల తరబడి పక్కపక్కన నిలబడ్డవాళ్లు ఆ మాట అనలేక దూరం గురించి మాట్లాడతారు. మీరు వెతుకుతున్న స్నేహం అక్కడే ఉంది, అది ఎంత బలహీనమైనదో కూడా అక్కడే ఉంది.

ఆట ఎందుకలా సాగుతూ పోయిందో అర్థం కావాలంటే బేస్‌బాల్ గురించి ఒక్క విషయం తెలిస్తే చాలు. దీనికి గడియారం లేదు. మన టీ20లో ఒక్కో జట్టుకి 120 బంతులు, అవి అయిపోతే ఆట అయిపోయినట్టే. ఫుట్‌బాల్‌లో రిఫరీ వాచీ చూసుకుంటాడు. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకి మూడు అవుట్లు. ఆ మూడో అవుట్ పడేదాకా ఎంతసేపైనా ఆడొచ్చు. తొమ్మిది అయ్యాక స్కోరు సమానంగా ఉంటే పది, పదకొండు, అలా పోతూనే ఉంటుంది. అవుట్ కానంతవరకూ ఆట బతికే ఉంటుంది. విడిపోవడం ఇష్టంలేని మనుషులకి ఇంతకంటే అనువైన ఆట ఏముంది?

అందుకే చీకటి పడుతున్నా ఆపరు. అంపైర్లు వాళ్ల సమయం అయిపోయిందని వెళ్లిపోతారు. ఇది దర్శకుడు నవ్వించడానికి కల్పించింది అనుకోకండి. ఇలాంటి లీగుల్లో అంపైర్‌కి ఆటకింత అని ఇస్తారు, చీకట్లో గట్టి బంతి ముందు నిలబడి దెబ్బ తినే అవసరం ఆయనకి లేదు. ఆ తర్వాత ఈ మనుషులు కార్ల హెడ్‌లైట్లు మైదానం వైపు తిప్పి ఆడతారు. (ఎవరూ ప్రయత్నించకండి. సాఫ్ట్‌బాల్ కూడా పేరుకే సాఫ్ట్. సంజె చీకట్లో గాల్లోకి లేచిన బంతి ఒకటి కనబడక నా దవడకి తగిలితే పది రోజులు సాంబారన్నం మెత్తగా పిసుక్కుని తిన్నాను.) ఆపితే టై అయ్యేది, లోకం మునిగిపోదు. ఆపుదామన్నవాడే అందర్నీ ఇంటికి పంపినవాడు అవుతాడు. ఆ పాపం ఎవరూ మోయడానికి సిద్ధంగా లేరు.

ఇక పేరు సంగతి. ఈఫస్ అంటే ఒక రకం బంతి. ప్రొఫెషనల్ పిచర్ (బంతి విసిరేవాడు) వేసే ఫాస్ట్‌బాల్ గంటకి 150 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతుంది. ఈఫస్ 80, 90 మధ్యలో వస్తుంది. విల్లులా పైకి లేచి, ఏదో మర్చిపోయి వెనక్కి వెళ్తున్నట్టు తీరిగ్గా దిగుతుంది. వేగానికి అలవాటుపడ్డ బ్యాటర్‌కి ఏం చేయాలో తోచదు. తొందరపడి ముందే ఊపేస్తాడు, లేదా చూస్తూ ఉండిపోతాడు. బంతిలో వేగం లేదు కాబట్టి బలమంతా తనే తెచ్చుకోవాలి.

దీన్ని 1940లలో ప్రసిద్ధి చేసినవాడు పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ రిప్ సూయల్. 1941 డిసెంబర్‌లో వేటకి వెళ్తే తుపాకీ గుళ్లు పాదానికి తగిలాయి. దాంతో విసిరే పద్ధతే మార్చుకోవాల్సి వచ్చింది. పేరు పెట్టింది సహచరుడు మారిస్ వాన్ రోబేస్. ఈఫస్ అంటే ఏమీ లేదు, ఈ బంతిలోనూ ఏమీ లేదు అని అతని భావం. ‘ఏమీ లేదు’ అని పేరున్న సినిమాని చూసి మీరు ఏమీ లేదన్నారు, అందుకే మొదట నవ్వొచ్చింది. 1946 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో, ఇక్కడ బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ మైదానంలోనే, బోస్టన్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ సూయల్ ఈఫస్‌ని స్టాండ్స్‌లోకి కొట్టాడు.

బోస్టన్ వాళ్లకి ఈ బంతి ఇంకో రకంగా కూడా గుర్తుంది. 1975 వరల్డ్ సిరీస్ (ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఫైనల్), ఏడో ఆట, మళ్లీ ఫెన్‌వే పార్క్. బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ 3-0తో ముందున్నారు. పిచర్ బిల్ లీ, ‘స్పేస్‌మ్యాన్’ అని ముద్దుపేరు. ఆరో ఇన్నింగ్స్‌లో సిన్సినాటి బ్యాటర్ టోనీ పెరెజ్‌కి ఈఫస్ వేశాడు. పెరెజ్ దాన్ని హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు, రెండు పరుగులు. చివరికి సిన్సినాటి ఆ ఆట 4-3తో గెలిచి సిరీస్ ఎత్తుకెళ్లింది. 1918 తర్వాత బోస్టన్ మళ్లీ కప్పు ఎత్తింది 2004లో. అంటే సినిమా జరిగే కాలానికి ఆ పుండు ఇంకా మానలేదు. ఇప్పుడు చెప్పండి, సినిమా మధ్యలో ఒక ముసలాయన ఎక్కడినుంచో ఊడిపడి, కాసేపు బంతి వేసి మాయమవుతాడు కదా, ఆయన ఎవరనుకున్నారు? ఆ బిల్ లీయే. నేను చూసిన థియేటర్‌లో ఆయన ముఖం కనబడగానే వెనక వరసలో ఎవరో ఒకాయన గట్టిగా చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్లు అటు తిరిగి చూశారు.

ఆయన్ని పెట్టడం ఊరికే చమత్కారానికి కాదు. బిల్ లీ మేజర్ లీగ్‌లో, అంటే ప్రొఫెషనల్ ఆటలో అన్నిటికన్నా పై మెట్టులో, ఆడింది 1969 నుంచి 1982 దాకా. అక్కడితో ఆపలేదు. ఎక్కడ ఆడనిస్తే అక్కడ ఆడాడు. 2010లో, 63 ఏళ్ల వయసులో, ఇదే మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్ ఊరి జట్టుకి ప్రొఫెషనల్ ఆట ఒకటి గెలిపించాడు. 65 ఏళ్లకి కాలిఫోర్నియాలో ఇంకొకటి. ఆట మానలేని మనిషిని, ఆట మానక తప్పని మనుషుల మధ్యకి తెచ్చి నిలబెట్టాడు దర్శకుడు.

ఇలాంటి గొంతులు ఇంకా ఉన్నాయి. ఫుడ్ ట్రక్ నడిపే మనిషి జో కాస్టిగ్లియోన్. 1983 నుంచి 2024 దాకా రెడ్ సాక్స్ రేడియో కామెంటరీ చెప్పినాయన. న్యూ ఇంగ్లాండ్‌లో (మసాచుసెట్స్, చుట్టుపక్కల రాష్ట్రాలు) పెరిగినవాళ్లకి ఆ గొంతు వేసవి సాయంత్రాల గొంతు, మనకి పొద్దున్నే ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు ఎలాగో అలాగ. సినిమాలో రేడియో గొంతు ఫ్రెడరిక్ వైజ్‌మన్‌ది. బడి, ఆసుపత్రి, లైబ్రరీ, ఇలా ఒక్కో సంస్థ లోపలికి వెళ్లి గంటల తరబడి చూపించిన బోస్టన్ డాక్యుమెంటరీ దర్శకుడు. ఈ సినిమా కూడా మనుషుల్ని అలాగే చూస్తుంది, ఒక్కరిని హీరో చేయకుండా.

తిట్ల దగ్గరికి వద్దాం. మీకు అవి తిట్లలా వినబడ్డాయి. నాకు బళ్లో హాజరు పిలిచినట్టు వినబడ్డాయి. ఒకడి పొట్ట మీద జోకు వేశారంటే వాడు వచ్చాడని గమనించారన్నమాట. మోకాలి నొప్పిని వెక్కిరించారంటే పోయిన వారం వాడు కుంటడం గుర్తుందన్నమాట. మన సినిమాల్లో స్నేహితుడు ప్రాణం ఇస్తాడు, భుజం మీద చెయ్యేసి పాట పాడతాడు. ఇక్కడ బాగా కొట్టినవాడికి ముక్కులోంచి ఒక "హూఁ" వస్తే అదే పాట. మనవాళ్లు మాత్రం తక్కువా? చిన్ననాటి స్నేహితుణ్ణి "రేయ్, ఇంకా బతికే ఉన్నావా" అని పలకరించకుండా "నిన్ను చూసి సంతోషంగా ఉంది" అంటే వాడు కంగారుపడి ఒంట్లో బాగుందా అని అడుగుతాడు.

మా సాఫ్ట్‌బాల్ జట్టులో థర్డ్ బేస్ ఆడే ఆయనకి విడాకులైన సంగతి నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. అదీ ఆయన చెప్పలేదు, ఇంకెవరో అన్నారు. ఆ రెండేళ్లలో ఆయన కుడి మోకాలి గురించి నాకు తెలియంది లేదు. ఏ మందు రాస్తాడో, ఏ వానకి సలుపుతుందో, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, అన్నీ. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మోకాలి కబుర్లలో సగం మోకాలివి కావేమో అనిపిస్తుంది.

నాకు బాగా దగ్గరైన పాత్ర ఫ్రానీ. మడత బల్ల వేసుకుని స్కోర్‌బుక్ రాసే పెద్దాయన. అంపైర్లు వెళ్లిపోయాక ఆయన్నే అంపైర్‌గా నిలబెడతారు. స్కోర్‌బుక్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి ఆయన ఊరికే కూర్చున్న ముసలాయనలా కనిపిస్తాడు. బేస్‌బాల్‌లో ప్రతి స్థానానికి ఒక అంకె ఉంటుంది: పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, రెండో మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, అలా. షార్ట్‌స్టాప్ బంతి ఆపి సెకండ్ బేస్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్ బేస్‌కి విసిరి ఇద్దర్ని అవుట్ చేస్తే 6-4-3 అని రాస్తాం. మూడో స్ట్రైక్‌కి, అంటే ఆఖరి అవకాశానికి, బ్యాట్ ఊపి తప్పినవాడికి ‘కె’ అక్షరం. ఊపకుండా చూస్తూ అవుటైనవాడికి అదే అక్షరం తిరగేసి రాయాలి. ఊపి ఓడాడా, చూస్తూ ఓడాడా అన్న తేడా కూడా పుస్తకంలో ఉండి తీరాలి. ఎవరూ తర్వాత తెరిచి చూడరు. మా అబ్బాయి జట్టువి ఏడు పుస్తకాలు గరాజ్‌లో అట్టపెట్టెలో ఉన్నాయి, వాడు కూడా ఒక్కసారీ తీయలేదు. మరి ఎందుకు రాశావంటే, రాస్తున్నంతసేపు బెంచీ దగ్గర నాకొక కుర్చీ ఉండేది. యాసతో ఇంగ్లీషు మాట్లాడే కొత్త నాన్నకి ఆ కుర్చీ చాలా పెద్ద విషయం. నన్ను చూసి కష్టపడి కబుర్లు వెతుక్కునే మిగతా నాన్నలు "ఆ బంతికి ఏం రాశావు?" అని అడగడానికి వచ్చేవాళ్లు. ఫ్రానీకి ఇంట్లో ఎవరున్నారో ఏమో గాని, ఆ బల్ల ఆయనకి ఏమిటో నేను చెప్పగలను.

ఇదే బేస్‌బాల్ మీద గతాన్ని తలచుకునే సినిమాలు ఇంకా చాలా ఉన్నాయి. 1989 నాటి ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ మొక్కజొన్న చేలో తండ్రిని వెనక్కి తెస్తుంది. 1993 నాటి ‘ది శాండ్‌లాట్’ 1962 వేసవిలో పిల్లల్ని చూపిస్తుంది. 2016లో వచ్చిన రిచర్డ్ లింక్‌లేటర్ సినిమా ‘ఎవ్రీబడీ వాంట్స్ సమ్’ 1980లో కాలేజీ కుర్రాళ్లది. మీ నలుగురికీ అది వెంటనే నచ్చుతుంది, మీ వయసు వాళ్లే, అల్లరి ఉంది. కానీ అక్కడ అందరికీ ముందు జీవితం ఉంది. పోయినదాన్ని తలచుకోవడం ప్రేక్షకుడి పని. ‘ఈఫస్’లో పాత ఫొటోలు లేవు, ఫ్లాష్‌బ్యాకులు లేవు. పోతున్నది వాళ్ల కళ్లముందే పోతోంది, తలచుకునే తీరిక ఇంకా రాలేదు. ప్రొఫెషనల్ ఆటలో 1994లో సమ్మె వచ్చి వరల్డ్ సిరీసే రద్దయిన దశాబ్దం అది. కోట్ల జీతాల గొడవతో అక్కడ ఆట ఆగిపోతే, ఇక్కడ ఎదురు డబ్బులిచ్చి ఆడేవాళ్లు చీకట్లో కూడా ఆపడం లేదు.

లోపాలు లేవని అనను. మొదటి అరగంటలో ఎవరు ఏ జట్టో పోల్చుకోవడం బేస్‌బాల్ తెలిసిన నాకే కష్టమైంది. గడ్డాలు, టోపీలు అన్నీ ఒకలాగే ఉన్నాయి. 98 నిమిషాల సినిమా మధ్యలో నిజంగానే సాగుతుంది. ఆటలాగే సాగడమే కళ అని కొందరు సమర్థిస్తారు గాని, నేను రెండుసార్లు వాచీ చూసుకున్నాను. ఈ మగవాళ్లు ఆదివారమంతా మైదానంలో ఉంటే ఇళ్లు ఎవరు నడిపారన్న ప్రశ్నని సినిమా పెద్దగా పట్టించుకోదు. జట్టు పెద్ద ఒకాయన ఇంట్లో శుభకార్యం ఉందని ఆట మధ్యలో వెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం బయటి ప్రపంచం ఒక్కసారి తొంగి చూస్తుంది. మా ఆవిడ ఆ దృశ్యం చూసి "అబ్బ, ఒక్కడైనా వెళ్లాడు" అంది.

మా జట్టు సంగతి చెప్పి ఆపుతాను. మేం ఆడే మైదానంలో నేల బాగుచేసి కొత్త దీపాలు పెడతామని ఒక సీజన్ మూశారు. ఏడాది తిరక్కుండా తెరిచారు కూడా, ఇప్పుడు చాలా బాగుంది. మేం మాత్రం మళ్లీ పోగవ్వలేదు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. మొదట ఎవరో ఒకరు ఫోన్ చేయాలి, అంతే. నా ఫోన్‌లో పద్నాలుగు నంబర్లున్నాయి. ‘సాఫ్ట్‌బాల్ ప్లంబర్’, ‘సాఫ్ట్‌బాల్ థర్డ్ బేస్’, ‘సాఫ్ట్‌బాల్ బీరు’ అని దాచుకున్నాను. కొందరి ఇంటిపేర్లు నాకు తెలియవు. ఈ సినిమా చూసి వచ్చిన రాత్రి థర్డ్ బేస్ నంబర్ తీసి, మోకాలు ఎలా ఉందని మెసేజ్ టైప్ చేసి, చాలాసేపు చూసి, తుడిచేశాను.

మీరు రెండోసారి చూస్తే స్కోరు వదిలేయండి. సౌండ్ కాస్త పెంచుకోండి. సగం మాటలు తెరమీద కనబడనివాళ్ల నోటినుంచి, బెంచీ వైపునుంచి వస్తాయి, అసలు కబుర్లన్నీ అక్కడే. సబ్‌టైటిల్స్ ఉన్న కాపీ అయితే ఇంకా నయం, ఈ ఊరి యాస ఇరవై ఏళ్లున్నా నాకు పూర్తిగా అందదు.